నాణేల ఫొటోలు: వెండి తెల్లగా మాడిపోతోంది, రాగి నల్లగా వస్తోంది

కోనసీమ_రూపాయి
మా నాన్నగారు పోగు చేసినవి, నేను కొన్నవి కలిపి ఒక ట్రంకు పెట్టె నిండా నాణేలున్నాయి. అన్నిటికీ ఫొటోలు తీసి, పక్కన వివరాలు రాసి పెట్టుకుందామని డిజిటల్ కెమెరా కొన్నాను. దానితో పాటు వచ్చిన 18-55 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ తప్ప మరొకటి లేదు. నల్ల మఖమల్ గుడ్డ మీద విక్టోరియా రూపాయి పెట్టి తీస్తే రాణిగారి ముఖం సున్నం కొట్టిన గోడలా వస్తోంది. ముక్కూ లేదు, జడా లేదు. తెల్ల కాగితం మీద 1943 నాటి చిల్లు కానీ పెడితే బొగ్గు ముక్క. ఫ్లాష్ వేస్తే మధ్యలో ఒక మెరుపు, చుట్టూ చీకటి. ఇంకా దగ్గరికి వెళ్తే లెన్స్ నీడ నాణెం మీదే పడుతోంది. దుకాణంలో అడిగితే చిన్న వస్తువుల్ని బాగా దగ్గరగా తీసే మాక్రో లెన్స్ కొనమన్నారు. దాని ధర కెమెరా ధరను మించిపోయింది. అది లేకపోతే పని జరగదా?

పాతరాగి
జరగదు. కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ పెళ్లిళ్లకు, పేరంటాలకు. నాణేలకు మాక్రో కొనాల్సిందే.

గౌతమీతీరం
పాతరాగి గారూ, ఎదుటివారి డబ్బు అంత తేలిగ్గా ఖర్చు పెట్టించకండి. లెక్క వేద్దాం. ఈ కిట్ లెన్సుల్ని 55 దగ్గర పెట్టి, ఫోకస్ అందినంత దగ్గరికి వెళ్తే వస్తువు అసలు పరిమాణంలో దాదాపు 0.3 వంతు, కెమెరా లోపల బొమ్మ పడే సెన్సర్ మీద పడుతుంది. విక్టోరియా రూపాయి వ్యాసం 30 మిల్లీమీటర్ల పైచిలుకు. అంటే సెన్సర్ మీద 9 మిల్లీమీటర్లు. సెన్సర్ ఎత్తే 15 మిల్లీమీటర్ల చిల్లర. 24 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే నాణెం ఈ అంచు నుంచి ఆ అంచుకు 2,300 పిక్సెళ్ల దాకా వస్తుంది. అరచేతి కంటే పెద్దగా అచ్చు వేసుకున్నా చెదరదు. ఇంకేం కావాలి?

పాతరాగి
రూపాయికి సరే. నయాపైసా 16 మిల్లీమీటర్లే. బంగారు ఫణాలైతే కందిగింజకు కొంచెం పెద్దవి. వాటి మాటేమిటి?

గౌతమీతీరం
నయాపైసాకు 1,200 పిక్సెళ్లు వస్తాయి, చాలు. ఫణాలున్నవారు మాక్రో కొనుక్కోగలరు లెండి. లేదంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబులున్నాయి. లోపల అద్దం ఏమీ ఉండదు, వట్టి గొట్టాలు. లెన్సుకు, కెమెరాకు మధ్య బిగిస్తే ఇంకా దగ్గరికి ఫోకస్ అవుతుంది. మాక్రోతో పోలిస్తే ధర నామమాత్రం.

ఎన్‌లార్జర్_తాత
లెన్స్ పంచాయితీ తర్వాత పెట్టుకోండి. ఆయన అడిగింది తెలుపూ నలుపూ గురించి. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

కెమెరాలోని మీటరుకు నాణెం అంటే ఏమిటో తెలియదు. ముందున్న దృశ్యం మొత్తం మధ్యరకం బూడిద రంగులో ఉంటుందని అనుకుని వెలుతురు లెక్క కడుతుంది. నల్ల మఖమల్ పెడితే ‘అబ్బో, చాలా చీకటిగా ఉంది’ అనుకుని ఎక్కువ వెలుతురు రానిస్తుంది. మధ్యలో ఉన్న వెండి మాడిపోతుంది. తెల్ల కాగితం పెడితే ‘వెలుతురు ఎక్కువైంది’ అనుకుని తగ్గిస్తుంది. రాగి నల్లబడుతుంది. మీరు పెట్టిన రెండూ సరిగ్గా తిరగేసి పెట్టారు, అంతే.

దారి రెండు రకాలు. ఒకటి, కింద బూడిద రంగు మందపాటి కాగితం వేయండి. పుస్తకాలమ్మే దుకాణంలో దొరుకుతుంది. రెండోది, నేను చేసేది: మాన్యువల్‌లో పెట్టండి. ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే వేగం) 100, అపర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 8, షట్టర్ సెకనులో పదిహేనో వంతు దగ్గర మొదలుపెట్టి, ఫొటో చూసుకుంటూ అటూ ఇటూ జరపండి. వెండిలో మెరిసే చోట గీతలు కనబడుతున్నంత వరకే వెలుతురు. అక్కడ వివరం పోయిందంటే కంప్యూటర్‌లో ఎంత తిప్పలు పడ్డా తిరిగి రాదు. కొంచెం చీకటిగా వచ్చిందాన్ని తర్వాత పైకి తేవచ్చు. అలాగని ఎఫ్ 22 దాకా వెళ్లకండి, అంత సన్న రంధ్రంలో ఫొటో మొత్తం మెత్తబడుతుంది.

ఫ్లాష్ మూసేయండి. కెమెరా మీది ఫ్లాష్ నాణేలకు పనికిరాదు.

కోనసీమ_రూపాయి
తాతగారూ, బూడిద కాగితంతోనే సగం దారికి వచ్చింది. రాణిగారికి ముక్కు వచ్చింది. కానీ పువ్వుల కిరీటం దగ్గర అంతా చదునుగా ఉంది. నీడ సంగతి అలాగే ఉంది.

గౌతమీతీరం
నీడ పడుతోందంటే 18 దగ్గర పెట్టి నాణేన్ని ముద్దు పెట్టుకునేంత దగ్గరికి వెళ్తున్నారన్నమాట. 55లో పెట్టండి, లెన్సుకూ నాణేనికీ మధ్య జానెడు కాకపోయినా బెత్తెడు చోటు మిగులుతుంది. దీపాలు ఆ సందులోంచి రావాలి.

ఎన్‌లార్జర్_తాత
చదునుగా రావడానికి కారణం లైటు అన్ని వైపుల నుంచీ సమానంగా పడటం. గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పేయండి. రెండు చదువుకునే బల్లదీపాలు చాలు. నాణేన్ని గడియారం ముఖం అనుకోండి. ఒక దీపం పదింటి దగ్గర, ఒకటి రెండింటి దగ్గర. రెండూ ఒకే రకం ఎల్‌ఈడీ బల్బులై ఉండాలి. ఒకదాన్ని రెండోదానికంటే కాస్త దూరం జరపండి, అప్పుడే ఎత్తుపల్లాలు తెలుస్తాయి.

దీపం ఎత్తులో ఉంటే లోహపు మెరుపు కనబడుతుంది. బల్లకు దగ్గరగా దించితే అరిగిపోయిన అక్షరాలు లేస్తాయి. ఏది కావాలో మీ ఇష్టం, రెండూ ఒకే ఫొటోలో రావు. దీపాన్ని మాత్రం ఆరింటి వైపు పెట్టకండి. కింది నుంచి లైటు వస్తే కళ్లు మోసపోతాయి: ఉబ్బెత్తుగా ఉన్న ముఖం లోపలికి గుంటపడినట్టు కనిపిస్తుంది. పేరున్న వేలం జాబితాల్లో కూడా అలాంటివి చూశాను.

రేవుకబుర్లు
ఇంత కష్టం ఎందుకండీ. ముందు చింతపండు వేసి తోమండి. మా అమ్మ రాగి బిందె తోమినట్టు తోమితే కానీ ధగధగా మెరుస్తుంది. ఆ తర్వాత ఏ కెమెరాతో తీసినా బాగానే వస్తుంది.

పాతరాగి
అయ్యో!

గౌతమీతీరం
అయ్యయ్యో!!

పన్నెండణాలు
ఎవరైనా పాతరాగి గారికి మంచినీళ్లు ఇవ్వండి.

పాతరాగి
రేవుకబుర్లు గారూ, కోపం లేదు కానీ వినండి. రాగి మీద ఏళ్ల తరబడి పట్టిన ఆ ముదురు గోధుమ పొరే దానికి కవచం. చింతపండు పులుపు దాన్ని తినేస్తుంది. కింద గులాబీ రంగు పచ్చి రాగి తేలుతుంది, వారంలో మచ్చలు పడుతుంది. వెండికి విభూతి, పళ్లపొడి కూడా అంతే. గరుకు పొడి సన్నని గీతలు పెడుతుంది, పక్కనుంచి లైటు పడగానే ఆ గీతలన్నీ ఫొటోలో బయటపడతాయి. తోమిన నాణెం కొనేవాడికి చూడగానే తెలుస్తుంది. ధర సగానికి పైగా పడిపోతుంది. దుమ్ముంటే రబ్బరు బుడ్డితో గాలి ఊదండి. చేత్తో ముఖం మీద తాకకండి, అంచులు పట్టుకోండి. వేలిముద్రలోని ఉప్పు, నూనె రాగి మీద అచ్చులా ఉండిపోతాయి.

రేవుకబుర్లు
సరే సరే. చింతపండు పులుసుకే వాడతాను.

లంకలకోడలు
నాది నాణేల సేకరణ కాదు, కాసుల పేరు. మా అత్తగారిది. ముగ్గురు తోడికోడళ్లం, పంపకాలకు ముందు ఏ కాసు ఎలా ఉందో ఫొటోలు తీసి పెట్టమన్నారు. అన్నీ సవరన్లే అంటారు. పైన వంకీ అతికించి ఉంది. బంగారం కాబట్టి పసుపు పచ్చగా రావాలి కదా, కానీ ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి నారింజ రంగులో వస్తోంది. కిటికీ పక్కనే తీస్తున్నాను.

గౌతమీతీరం
కిటికీ బయట ఏముంది?

లంకలకోడలు
అరటి తోట.

గౌతమీతీరం
దొరికింది! ఆకుల మీదుగా వచ్చే వెలుతురు పచ్చటి ఛాయ పట్టుకొస్తుంది. లోహం అద్దం లాంటిది కాబట్టి దాచుకోదు. నారింజ రంగు వచ్చినప్పుడు గదిలో పసుపు బల్బు వెలుగుతూ ఉండి ఉంటుంది. రెండు రకాల వెలుతురు కలిస్తే కెమెరా ఏదో ఒకదాన్నే సరిదిద్దగలదు. తెర దించి దీపాల కిందే తీయండి. ముందు అదే వెలుతురులో బూడిద రంగు కార్డును ఒక ఫొటో తీసి, దాన్ని చూపించి వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగును సరిదిద్దే అమరిక) కుదుర్చుకుంటే తర్వాతివన్నీ ఒకే రంగులో వస్తాయి. తోడికోడళ్ల మధ్య నా కాసు పచ్చగా ఉంది, నీది ఎర్రగా ఉంది అనే గొడవ రాదు.

ఎన్‌లార్జర్_తాత
అమ్మా, ఒక్కో కాసు పక్కనా స్కేలు పెట్టి తీయండి. అసలు సవరను 22 మిల్లీమీటర్లు, 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. దండలో ఉన్నప్పుడు విడిగా తూకం వేయలేరు కాబట్టి కొలతైనా నమోదవుతుంది. కంసాలి పోత పోసిన కాసుల్లో అక్షరాల అంచులు మొద్దుగా ఉంటాయి. దీపం దించి తీస్తే తేడా మీకే తెలుస్తుంది.

లంకలకోడలు
అది తెలిస్తే కొత్త గొడవ మొదలవుతుందేమో. అయినా తీస్తాను.

యానాం_దుదూ
నేను గాజు పలక పద్ధతి వాడతాను. ఫొటో ఫ్రేములోని పల్చటి గాజు తీసుకుని నాణేనికీ లెన్సుకూ మధ్య 45 డిగ్రీల వాలులో నిలబెట్టండి. దీపం పక్కనుంచి గాజు మీద పడాలి. గాజు ఆ వెలుతురులో కొంత కిందికి, నిటారుగా నాణెం మీదికి పంపుతుంది. అది తిరిగి పైకి వచ్చి గాజులోంచి లెన్సులోకి చేరుతుంది. దీపం నేరుగా నాణెం మీద పడకుండా చిన్న అట్టముక్క అడ్డం పెట్టాలి. నీడ అనేదే ఉండదు. కొత్త నాణేల అద్దపు మెరుపుకు ఇంతకు మించిన పద్ధతి లేదు.

పాతరాగి
కొత్తవాటికి సరే. అరిగిన వాటిని ఈ గాజు ముంచేస్తుంది. నా దగ్గర శాతవాహనుల సీసం నాణేలున్నాయి, ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు చివర్ల నాలుగు వృత్తాలు). గాజు కింద తీస్తే బూడిద బిళ్ల. ఒకే దీపం బాగా కిందికి దించి తీస్తే ఏనుగు దంతం కూడా కనబడింది.

యానాం_దుదూ
మా ఊళ్లో దొరికే ఫ్రెంచివారి దుదూ నాణేలకు కూడా నేను గాజు వాడను లెండి. ఒకవైపు లిల్లీ పువ్వు, ఇంకోవైపు తమిళంలో పుదుచ్చేరి అని ఉంటుంది. ఆ అక్షరాలకు పక్క దీపమే శరణ్యం. కానీ మెరిసే నాణేలు ఉన్నవారు గాజును ఒకసారి ప్రయత్నించాలి.

పాలకొల్లు_డచ్చి
మా వైపు డచ్చివారి వర్తక స్థావరం ఉండేది కదా, వీవోసీ (డచ్చి ఈస్టిండియా కంపెనీ) ముద్ర ఉన్న దుయిట్ రాగి నాణేలు నా దగ్గర కొన్ని ఉన్నాయి. నేను స్కానర్ మీద పెట్టేస్తాను. రెండు వైపులా అయిపోతుంది. కెమెరా, దీపాలు, గాజు, ఈ తతంగం ఏమీ అక్కర్లేదు.

గౌతమీతీరం
స్కానర్ లైటు ఒకే వైపు నుంచి వస్తుంది, దాన్ని జరపలేరు. వెండి నల్లగా వస్తుంది. ఇప్పటి పల్చటి స్కానర్లు గాజుకు ఆనుకున్నదాన్ని మాత్రమే స్పష్టంగా చూపిస్తాయి, పల్లం అంతా మసక.

పాలకొల్లు_డచ్చి
నాది పాతకాలం లావుపాటిది. నాకు కావలసింది గుర్తింపు, అందాల పోటీ కాదు. తేదీ, ముద్ర, అంచు కనిపిస్తే చాలు. దొంగ పడితే పోలీసులకు చూపించడానికి మీ మెరుపులు దేనికి?

ఎన్‌లార్జర్_తాత
డచ్చి గారి మాటలో సగం నిజం ఉంది. జాబితా కోసమైతే అన్ని ఫొటోలూ ఒకే ఎత్తు నుంచి, ఒకే దీపం కింద, స్కేలుతో తీయాలి. నచ్చిన నాలుగైదు నాణేలకు మాత్రం తీరిగ్గా కూర్చుని దీపాలు జరుపుకుంటూ ఇంకో ఫొటో తీసుకోండి. పెట్టె మొత్తానికి మెరుపులు పట్టాలని కూర్చుంటే పని సగంలో ఆగుతుంది.

కోనసీమ_రూపాయి
ఇప్పుడు కొత్త సమస్య. నాణెం ఒక అంచు స్పష్టంగా, ఎదుటి అంచు మసకగా వస్తోంది. ట్రైపాడ్ వంచి పెట్టాను.

ఎన్‌లార్జర్_తాత
కెమెరా నాణేనికి సమాంతరంగా లేదు. నాణెం పెట్టేచోట చిన్న అద్దం బిళ్ల పెట్టండి, కెమెరా తెరలో చూడండి. లెన్స్ ప్రతిబింబం సరిగ్గా మధ్యలోకి వచ్చేదాకా కెమెరా సవరించండి. మధ్యలోకి వచ్చిందంటే నిలువు కుదిరినట్టే. ఇక కదపొద్దు. ఫోకస్ చేతితోనే, తెర మీద బొమ్మను పదింతలు పెద్దది చేసి చూసుకోండి. రెండు సెకన్ల టైమర్ పెట్టి చేయి తీసేయండి.

ట్రైపాడ్ కంటే మంచిది పాత ఎన్‌లార్జర్ స్తంభం. నెగెటివ్‌లు పెద్దవి చేసే తల విప్పేసి, ఆ చోట కెమెరా బిగిస్తే ఎత్తు పెంచుకోవడానికి, దించుకోవడానికి చక్రం కూడా ఉంటుంది. నా డార్క్‌రూమ్ మూతపడ్డాక అది అలా బతికింది. పాత స్టూడియోలవాళ్ల అటక మీద ఇంకా ఉంటాయి, తూకానికి అమ్మేలోపు అడగండి.

గౌతమీతీరం
తాతగారి పేరు వెనక కథ ఇదన్నమాట.

పన్నెండణాలు
రాజమండ్రి వంతెన మీద రైలు వెళ్తుంటే జనం గోదాట్లోకి విసిరే చిల్లర ఉంది చూశారా, ఘాట్ల దగ్గర కుర్రాళ్లు తాడుకు అయస్కాంతం కట్టి తీస్తారు. వాళ్ల దగ్గర కొన్నాను. నల్లటి బురద పట్టి ఉన్నాయి. వీటికి ఏ లైటు?

పాతరాగి
అయస్కాంతానికి అంటుకున్నాయంటే చాలావరకు ఈమధ్య కాలపు స్టీలు నాణేలే అయి ఉంటాయి. పాత రాగి-నికెల్ రూపాయిలు దానికి అంటవు, అవన్నీ ఇంకా నది అడుగునే ఉన్నాయి. 2027 పుష్కరాలకు మరిన్ని చేరతాయి. మీ దగ్గరున్నవి మామూలు నీళ్లలో నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్దండి. స్టీలే కాబట్టి నాకు గుండెపోటు రాదు.

వశిష్ఠ_నావ
తెలిసిన రైతు ఒకాయన లంకలో బోరు వేస్తుంటే కుండ దొరికిందట, నాణేల ఫొటో ఫోనుకు పంపారు. ఏ కాలానివో చెప్తారా? ఇక్కడ పెడతాను.

నిర్వాహకులు
పెట్టకండి. 1878 నాటి నిధి చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే దొరికినవారు జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ముందు ఆయన్ను ఆ పని చేయమనండి. ఇంకో మాట అందరికీ: ఫోనుతో తీసిన ఫొటోలో మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా దాగి ఉంటాయి. కెమెరా అమరికల్లో లొకేషన్ ఆపేసి తీయండి. కాసుల పేరు గారూ, ముఖ్యంగా మీరు.

లంకలకోడలు
ఇప్పుడే ఆపేశాను. మా ఆయన ఫోనులో కూడా.

కోనసీమ_రూపాయి
1862 రూపాయిలు నా దగ్గర చాలా ఉన్నాయి. అన్నిటి మీదా అదే ఏడాది ఎందుకు ఉంది?

పాతరాగి
1874 దాకా అదే తేదీతో ముద్రించారు. బొంబాయి టంకశాలవాటి మీద సన్నని చుక్కలు ఉంటాయి, వాటిని బట్టి రకాలు విడదీస్తారు. 1877 నుంచి నాణెం మీద ‘క్వీన్’ అనే మాట పోయి ‘ఎంప్రెస్’ వచ్చింది. ఇదిగో, ఆ చుక్కలకు మాత్రం మాక్రో కావాలి. నేను మొదట చెప్పిందే.

గౌతమీతీరం
ట్యూబు చాలు.

పాతరాగి
మాక్రో.

ఎన్‌లార్జర్_తాత
ఏది కొన్నా వానాకాలంలో బీరువాలో పెట్టకండి. మన వైపు తేమకు లెన్సు లోపల బూజు దారాలు అల్లుకుంటాయి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, రంగు మారినప్పుడు వేడి చేసి మళ్లీ వాడుకోండి. పాతరాగి గారూ, మీ సీసం నాణేలు కూడా చెక్క సొరుగులో ఉంచకండి. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తెల్ల పొడి చేస్తుంది.

పాతరాగి
మార్చేశానండీ. ప్లాస్టిక్‌లో కూడా పీవీసీ కవర్లు వద్దు, రాగి మీద పచ్చటి జిగురు చేరుతుంది.

రేవుకబుర్లు
చింతపండు తర్వాత మళ్లీ నోరు విప్పుతున్నాను. నా దగ్గర 1911 నాటి ఐదో జార్జి రూపాయి ఉంది. రాజుగారి అంగీ మీద ఏనుగు బొమ్మ ఉంటుందట, దాని తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపించిందని గొడవ జరిగితే వెనక్కి తీసుకున్నారట. 1912లో సరిచేశారట. ఆ ఏనుగును ఫొటో తీయాలంటే?

ఎన్‌లార్జర్_తాత
అది రాజు ఛాతీ మీద కింది భాగంలో, గొలుసు దగ్గర గోరంత కూడా ఉండదు. ఒకే దీపం, పదింటి దగ్గర, బాగా కిందికి. దీపం ముందు ట్రేసింగ్ కాగితం కట్టండి, లేకపోతే అంగీ మడతల మెరుపులో ఏనుగు కలిసిపోతుంది. నాణేన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ తెర మీద చూడండి. ఒకచోట తొండం నీడ విడిపోతుంది, అక్కడ ఆపి తీయండి.

రేవుకబుర్లు
తీశాను. కింద పెట్టాను చూడండి. తోమలేదు, ఒట్టు.

యానాం_దుదూ
చాలా బాగా వచ్చింది. కాళ్లు కూడా కనబడుతున్నాయి.

గౌతమీతీరం
ఇది ఖచ్చితంగా పందే.

పన్నెండణాలు
ఏనుగే. తొండం కిందికి దించింది.

పాలకొల్లు_డచ్చి
1912 రూపాయి కూడా పక్కన పెట్టి, దీపం కదపకుండా తీసి పెట్టండి. అప్పుడు మాట్లాడుకుందాం.

రేవుకబుర్లు
1912 నా దగ్గర లేదు. ఎవరి దగ్గరైనా ఉంటే అదే కోణంలో తీసి పెట్టండి. దీపం పదింటి దగ్గర, బల్ల మీద నుంచి జానెడు ఎత్తులో.

కోనసీమ_రూపాయి
నా దగ్గర ఉంది. కరెంటు రాగానే తీస్తాను.